నీరుగంటి పని

బ్యాంకులో బల్లకు ఇవతల కూర్చున్నవాడికి ఊరంతా ఓచర్ల రూపంలోనే కనిపిస్తుంది. 2015లో అనుకుంటాను, మా శాఖకు ఒక రిటైరైన సైన్సు ఉపాధ్యాయుడు ఒక సంఘం పేరుమీద ఖాతా తెరవడానికి వచ్చారు. కన్నడిగులు. అందరూ ఆయన్ని ‘మేష్ట్రు’ అంటారు, నేనూ అలాగే అంటాను. చేతిలో కర్ణాటక సంఘాల నమోదు చట్టం కింద ఇచ్చిన సర్టిఫికెట్టు ఉంది, నిబంధనావళి ఉంది. ఖాతా ఎవరి సంతకాలతో నడవాలో చెప్పే తీర్మానం మాత్రం లేదు. అది లేకపోతే కుదరదన్నాను. ఆయన నొచ్చుకోలేదు. “ఎలా రాయాలో మీరే చెప్పండి” అంటూ ఎదురుగా కూర్చున్నారు. రాసిచ్చాను. మరుసటి నెల తమ సమావేశానికి రమ్మన్నారు. వెళ్ళాను. తిరిగి ఇంటికి వచ్చేటప్పటికి గౌరవ కోశాధికారినైపోయాను.

ఆ సంగతి బ్యాంకులో పైవారికి తెలియజేశాను. సంఘం ఖాతాను మా శాఖనుంచి వేరే శాఖకు మార్పించాను. అంత జాగ్రత్తపరుణ్ణని నాకు నామీద మంచి అభిప్రాయమే ఉండేది.

ఆ సంఘం చేసే పని చిన్నది. ప్రభుత్వ పాఠశాలల్లో ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని నెలకొకసారి దగ్గరలోని చెరువుకు తీసుకువెళ్ళడం. ఏడాది పొడుగునా అదే చెరువు, అవే పిల్లలు. జూన్‌లో నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో గట్టుమీద గుర్తు పెడతారు, నవంబరులో మళ్ళీ చూస్తారు, ఏప్రిల్‌లో మళ్ళీ చూస్తారు. వానపడితే నీరు ఏ వీధిలోంచి, ఏ రాజకాలువలోంచి వస్తుందో నడిచి చూసి పటం గీస్తారు. నీటికాకులు ఎన్ని, నుదుటిమీద తెల్లనామం పెట్టుకున్న నల్లని నీటికోళ్ళు ఎన్ని, లెక్క రాస్తారు. నేను బి.కాం. చదివినవాణ్ణి. కొంగల్లో ఇన్ని రకాలున్నాయని ఏడో తరగతి పిల్లల దగ్గర నేర్చుకున్నాను.

బెంగళూరులో పిల్లలకు చెరువు చూపించడమేమిటని ఎవరైనా అనవచ్చు. ఈ ఊరికి పెద్ద నది లేదు. చెరువులు తవ్వుకుని బతికిన ఊరిది. మెజెస్టిక్ బస్టాండు ఉన్నచోట ధర్మాంబుధి చెరువుండేది. కంఠీరవ స్టేడియం ఉన్నచోట సంపంగి చెరువుండేది. ఇప్పుడు కావేరి నీటిని సుమారు 100 కిలోమీటర్ల అవతలినుంచి ఎత్తిపోసి తెచ్చుకుంటున్నాం. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకరుకోసం అపార్టుమెంట్లవాళ్ళు అర్ధరాత్రి కాపలా కాశారు. బెళ్ళందూరు చెరువులో 2015లో, మళ్ళీ 2017లో, 2018లో మంటలు లేచాయి. “నీళ్ళు ఎలా మండుతాయి సార్?” అని పిల్లలు అడిగారు. దానికి జవాబు పుస్తకంలోకన్నా మురుగుకాలువ చెరువులో కలిసేచోట నిలబడితేనే బాగా తెలుస్తుంది.

పర్యావరణం పాఠంగా ఉండాలని దేశంలో ఎవరూ కాదనలేదు. 1991 నవంబరులో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలంది. 2003లో పాఠ్యప్రణాళిక సంగతి మళ్ళీ గుర్తుచేయవలసి వచ్చింది. 1984లో అహ్మదాబాదులో మొదలైన పర్యావరణ విద్యా కేంద్రం దేశమంతా పనిచేస్తోంది, బెంగళూరులోనూ దాని కార్యాలయం ఉంది. పాఠం పుస్తకంలోకి వచ్చింది. పిల్లవాడు గట్టుమీదికి రావాలంటే మాత్రం బస్సు కావాలి, ఒక టీచరమ్మ కావాలి, ఆమెకు నెలనెలా జీతం కావాలి. మాలాంటి చిన్న సంఘాల అవసరం అక్కడ మొదలవుతుంది. మా కష్టాలూ అక్కడే మొదలవుతాయి.

మా కార్యవర్గం ఏడుగురు. రెండో శనివారం సాయంత్రం ఒక సభ్యుడి ఇంటి మేడమీద సమావేశం. ఏడు ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కు నిండా కాఫీ. ఏడు కుర్చీలూ నిండిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మన తెలుగు సంఘాల్లో ఉగాది పచ్చడి దగ్గరనుంచి నాటకపోటీల దాకా బాధ్యతలు మోసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. బ్యానరు మీద ఎవరి పేరు ముందుండాలో తేలడానికి గంట పడుతుంది. జమాఖర్చుల పట్టీ అయిదు నిమిషాల్లో ఆమోదం పొందుతుంది. పదవి ముందు ‘గౌరవ’ అని ఉంటే జీతం లేదని అర్థం. మాలో చాలామందిమి పని కూడా లేదని అర్థం చేసుకున్నాం.

నేనేం చేశానో చెప్పాలి. ఖాతా నడవడానికి రెండు సంతకాలు కావాలి. కార్యదర్శిగా మేష్ట్రుది, కోశాధికారిగా నాది. నేను రాసిచ్చిన తీర్మానమే అది. మొదటి ఏడాది ఒక్కొక్క చెక్కుకూ బిల్లు చూసి సంతకం చేసేవాణ్ణి. తరువాత నాకు ఊరికి దూరంగా ఉన్న శాఖకు బదిలీ అయింది. ఒక చెక్కు కోసం మేష్ట్రు రెండు బస్సులు మారి రావలసి వచ్చేది. అరవై అయిదేళ్ళ మనిషి, ఎండలో చెమటలు కక్కుతూ వచ్చి, నా పని అయ్యేదాకా బెంచీమీద కూర్చునేవారు. చూడలేకపోయాను. ఒకరోజు చెక్కుబుక్కు తీసుకుని వరుసగా పది ఆకుల మీద సంతకం చేసి ఇచ్చేశాను. అవి అయిపోయాక ఇంకో పది. ఇలా రెండేళ్ళు గడిచాయి.

ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టవద్దని నేను ఎంతమంది ఖాతాదారులకు చెప్పి ఉంటానో నాకే లెక్క లేదు. బ్యాంకులో ఒకరు రాసిన ఓచరును ఇంకొకరు చూసి ఆమోదించందే రూపాయి కదలదు. ముప్ఫయ్యేళ్ళుగా పక్క సీటులో కూర్చున్న స్నేహితుడైనా అంతే. అది అనుమానం వల్ల పెట్టుకున్న నియమం కాదు, అనుమానించవలసిన అవసరం రాకుండా పెట్టుకున్నది. ఇదంతా ఆఫీసులో వంటబట్టింది. గేటు దాటి సేవాసంఘంలోకి అడుగుపెట్టగానే మరిచిపోయాను. ఇక్కడందరూ మంచివాళ్ళు కదా అనుకున్నాను.

2018లో ఒక ఉదయం జరిగిన విషయం ఇక్కడ చెప్పాలి. చెరువు తూము దగ్గర మేష్ట్రు పిల్లలకు కన్నడంలో పాఠం చెబుతున్నారు. “ఇది తూబు. చెరువు నీళ్ళు పొలాలకు ఇక్కడినుంచి వదిలేవారు” అన్నారు. ఒక పిల్ల చెయ్యెత్తింది. కదిరి దగ్గరి పల్లెటూరినుంచి వచ్చి ఇక్కడ కట్టడాల పనిలో ఉన్న దంపతుల కూతురు. బడిలో కన్నడం ధారాళంగా మాట్లాడే పిల్ల ఆ రోజు నావైపు తిరిగి తెలుగులో అంది. “సార్, దీన్ని మా ఊళ్ళో తూము అంటారు. మా జేజినాయన నీరుగంటి.”

మేష్ట్రు ముఖం వెలిగిపోయింది. నీరుగంటి కన్నడంలోనూ నీరుగంటే. ఆయన ఆ పిల్లను ముందుకు పిలిచి, మీ తాత ఏం చేసేవాడో చెప్పమ్మా అన్నారు. ఆ పిల్ల చెప్పింది. చెరువులో నీళ్ళు ఎంత ఉన్నాయో చూసి, ఎవరి మడికి ఎన్ని గడియలో చెప్పి, తూము తెరిచేదీ మూసేదీ ఆయనే. రాత్రిళ్ళు గట్టుమీదే పడుకునేవాడు. ఊళ్ళో రెడ్డి వచ్చి అడిగినా వంతు తప్పి నీళ్ళు వదిలేవాడు కాదట. చెరువు ఆయనది కాదు, మడి ఆయనది కాదు. కోతలయ్యాక రైతులు కల్లంలో కొలిచిచ్చే గింజలే ఆయన కూలి.

పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ మాటలు నాకోసం కూడా చెబుతోందని నాకు తట్టలేదు.

2019 మార్చి ఆఖరులో ఒక కంపెనీవారికి వినియోగ పత్రం ఇవ్వవలసి వచ్చింది. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షను వచ్చినప్పటినుంచి పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సమాజానికి ఉపయోగపడే పనుల మీద ఖర్చుపెట్టాలి. విద్య, పర్యావరణం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. అందువల్ల మాలాంటివారికి మంచిరోజులు వచ్చాయి. ఆ కంపెనీ మూడు పాఠశాలలకోసం, పాఠశాలకు 1,20,000 చొప్పున, మొత్తం 3,60,000 రూపాయలు ఇచ్చింది. ఆ డబ్బు ఆ మూడు పాఠశాలల మీదే ఖర్చయిందని కోశాధికారి సంతకం చేసి ఇవ్వాలి.

ఆ ఆదివారం ఓచర్లన్నీ మా ఇంటి హాల్లో పరుచుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి విషయం తేలింది. మూడు పాఠశాలల డబ్బులో 1,08,000 రూపాయలు అక్కడ ఖర్చుకాలేదు. మరొక దాత ఇస్తానన్న విరాళం రాకపోవడంతో, మిగతా పాఠశాలల్లో పనిచేసే ఇద్దరు టీచరమ్మలకు మూడు నెలల జీతం, నెలకు 18,000 చొప్పున, ఇందులోంచి ఇచ్చారు. ప్రతి చెక్కు మీదా రెండు సంతకాలున్నాయి. రెండోది నాదే.

సాయంత్రం మేష్ట్రు ఇంటికి వెళ్ళాను. ఆయన దాచలేదు. “నన్న జేబిగె ఒందు పైసా హోగిల్ల” అన్నారు. అది అక్షరాలా నిజం. ఆయన జేబులోంచే ఎన్నోసార్లు పిల్లల బస్సుకు డబ్బు పెట్టారని నాకు తెలుసు. “ఆ అమ్మాయిలకు జీతం ఆపమంటారా? ఒకామె భర్తకు పని లేదు. పిల్లల్ని మధ్యలో వదిలేయమంటారా? విరాళం రాగానే సర్దుదామనుకున్నాను. అది రాలేదు” అన్నారు. నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన కాసేపు ఊరుకుని, “మీరు అడగలేదు కదా” అన్నారు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఈనాటికీ లేదు.

అత్యవసర సమావేశం పెడితే ఆ రోజు ఏడుగురూ వచ్చారు. సంతకం చేసేయండి సార్, అందరూ చేసేదే, పిల్లల పనికే కదా పోయింది అన్నారు ముగ్గురు. అందులో నిజం లేకపోలేదు. డబ్బు దుర్వినియోగం కాలేదు. చెరువు నీళ్ళే, పొలానికే వెళ్ళాయి. ఎవరి వంతు ఎవరికి వెళ్ళిందన్నదే ప్రశ్న. ఎవరి వంతు తగ్గించారో ఆ మూడు పాఠశాలల పిల్లలు ఆ సమావేశంలో లేరు. ఆ ఏడాది వాళ్ళు చెరువుకు పదిసార్లు రావలసింది, ఆరుసార్లే వచ్చారు. కంపెనీవారూ అక్కడ లేరు. లేనివాళ్ళ తరఫున మాట్లాడటానికే కార్యవర్గం ఉందని ఆ సాయంత్రం మొదటిసారి అర్థమైంది. నేను అబద్ధపు పత్రం మీద సంతకం చేయలేనన్నాను. జరిగింది జరిగినట్టు ఉత్తరం రాద్దామన్నాను. తప్పులో సగం నాదని, ఖాళీ చెక్కుల సంగతి కూడా అందులో రాస్తానని చెప్పాను. ఒక సభ్యుడు, తన పేరు బజారుకెక్కుతుందని, అక్కడికక్కడే రాజీనామా రాసిచ్చి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఉత్తరం వెళ్ళింది. కంపెనీవారు మర్యాదగానే జవాబిచ్చారు. ఖర్చుకాని 1,08,000 తిరిగి ఇవ్వమన్నారు. మరుసటి ఏడాదికి సాయం కొనసాగించలేమన్నారు. నేను 50,000 ఇచ్చాను. మిగిలిన నలుగురు సభ్యులూ తలా 7,000 వేసుకున్నారు. మేష్ట్రు తన పెన్షను డబ్బులోంచి 30,000 కవరులో పెట్టి తెచ్చారు. వద్దన్నా వినలేదు. కవరు నా చేతికివ్వకుండా బల్లమీద పెట్టి వెళ్ళిపోయారు. తరువాతి వారం కార్యదర్శి పదవికి రాజీనామా పంపారు. దాదాపు ఆరు నెలలు నాతో మాట్లాడలేదు.

పద్నాలుగు పాఠశాలల పని ఆరు పాఠశాలలకు తగ్గింది. ఇద్దరు టీచరమ్మల్లో ఒకరిని పంపేయవలసి వచ్చింది. ఎనిమిది బళ్ళ పిల్లలకు చెరువు పోయింది. వాటిలో ఆ కదిరి పిల్ల చదివే బడి ఒకటి. ఆమె తూము దగ్గర నిలబడి చెప్పిన మాట నిలబెట్టానని సంతోషించాలో, ఆ తూము దగ్గరికే ఆమె తోటిపిల్లలు రాకుండా చేశానని బాధపడాలో నాకు తెలియలేదు. మొదటి ఏడాదిలాగే బిల్లు చూసి చెక్కు మీద సంతకం చేసి ఉంటే, మూడో నెలలోనే విషయం బయటపడేది. దాతలకు ముందుగానే ఫోను చేసి, అనుమతి తీసుకుని ఉండేవాళ్ళం. నేను మేష్ట్రు మీద జాలిపడి ఇచ్చిన ఇరవై సంతకాల ఖరీదు ఎనిమిది బళ్ళు.

ఆ రోజుల్లో పోరుమామిళ్ళ చెరువు శాసనం గురించి చదివాను. కడప జిల్లా పోరుమామిళ్ళలో బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన శాసనం. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళు పనిచేస్తే ఆ చెరువు పూర్తయిందని ఉంది. మంచి చెరువుకు కావలసిన అంగాలు పన్నెండు, దోషాలు ఆరు అని అందులో లెక్క ఉంది. గట్టునుంచి నీరు కారడం ఒక దోషం. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం ఒక దోషం. నీళ్ళు తక్కువ, తడపవలసిన భూమి ఎక్కువ కావడం మరొక దోషం. అది చదివి నాలో నేను నవ్వుకున్నాను. పొలిమేర దోషం మన బెంగళూరు తెలుగువాళ్ళకు అలవాటైనదే, దానితో బాగానే బతుకుతున్నాం. మా సంఘాన్ని ముంచినవి మిగతా రెండూ. ఆరు బళ్ళకు సరిపోయే డబ్బుతో పద్నాలుగు బళ్ళు ఒప్పుకున్నాం. వద్దని ఒక్క సమావేశంలోనూ ఎవరం అనలేదు. సంఖ్య పెరుగుతుంటే అందరికీ సంతోషంగా ఉండేది. గట్టు కారుతుంటే చూడవలసినవాణ్ణి నేను, చూడలేదు.

పౌరులు చెరువులు చూసుకోలేరని నేననను. జె.పి. నగర్‌లో పుట్టేనహళ్ళి చెరువు ఎండి చెత్తకుప్ప కాబోతుంటే చుట్టుపక్కలవారు పూనుకుని 2010లో ఒక ట్రస్టు పెట్టుకున్నారు. 2011లో అప్పటి బి.బి.ఎం.పి. ఆ చెరువు నిర్వహణకు వారితో ఒప్పందం చేసుకుంది. అక్కడికి వెళ్ళినవారు పక్షుల్ని చూస్తారు, నీటిమీద తేలే మొక్కల దీవుల్ని చూస్తారు. నాకు ఇప్పుడు వాటి వెనక ఉండితీరవలసిన రసీదు పుస్తకాలు, మినిట్సు పుస్తకాలు, ఏటేటా ఆడిటరు సంతకాలు కూడా కనిపిస్తాయి. అవి లేకుండా ఏ పాలికె ఏ పౌరుల చేతికీ చెరువు అప్పగించదు.

మేము కూడా కొన్ని నియమాలు రాసుకున్నాం. గొప్పవేమీ కావు. ఖాళీ చెక్కు మీద సంతకం లేదు. ఒక పనికిచ్చిన డబ్బును కార్యవర్గ తీర్మానం, దాత లిఖితపూర్వక అనుమతి రెండూ లేకుండా ఇంకో పనికి వాడకూడదు. టీచరమ్మల మూడు నెలల జీతం విడిగా డిపాజిట్టు చేసి ఉంచందే కొత్త బడి ఒప్పుకోకూడదు. వరుసగా మూడు సమావేశాలకు రానివారి కుర్చీ ఖాళీ అయినట్టే. ఏ పదవిలోనూ ఎవరూ ఆరేళ్ళకు మించి ఉండకూడదు. ఈ చివరిది రాసినప్పుడు అది నాకూ వర్తిస్తుందని అందరూ నావైపు చూశారు. ఆ రోజు అధ్యక్షుణ్ణి చేశారు కనుక ఆ లెక్క కొత్తగా మొదలైంది.

2020లో బళ్ళు మూతపడ్డాయి. తెరిచాక ఆరు బళ్ళతోనే మళ్ళీ మొదలుపెట్టాం. ఇప్పుడు తొమ్మిది. కదిరి పిల్ల చదివిన బడి మళ్ళీ వచ్చింది గాని, ఆమె ఎక్కడుందో తెలియదు. కట్టడం పూర్తికాగానే ఆ కుటుంబం ఇంకో పేటకు వెళ్ళిపోయిందని హెడ్మాస్టరు చెప్పారు.

మేష్ట్రు పదవి వదిలారు గాని చెరువు వదల్లేదు. మాట్లాడని ఆ ఆరు నెలల్లోనూ ఒక్క శనివారం తప్పకుండా గట్టుమీదికి వచ్చి పిల్లలకు పాఠం చెప్పారు. ఏడో నెలలో ఒకరోజు పిల్లలు బస్సెక్కాక నా పక్కకు వచ్చి నిలబడ్డారు. బస్సు బాడుగ ఎంతైందని అడిగారు. చెప్పాను. బిల్లు తీసుకున్నారా అని అడిగారు. జేబులోంచి తీసి చూపించాను. కళ్ళజోడు సవరించుకుని, దాన్ని మొత్తం చదివి, తిరిగి నా చేతికిచ్చారు. అప్పటినుంచి మళ్ళీ మాట్లాడుకుంటున్నాం.

కిందటి సర్వసభ్య సమావేశంలో నా ఆరేళ్ళు అయిపోయాయి. దిగిపోయాను. మొదట్లో కొంచెం వెలితిగా అనిపించింది, అబద్ధమెందుకు. కోశాధికారిగా ఒక యువతి వచ్చింది. ఎం.కాం. చదివి ఒక ఆడిటరు దగ్గర పనిచేస్తోంది. పుస్తకాలన్నీ అప్పగించడానికి ఆమె ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మగారు కాఫీ తెచ్చారు. “తీసుకోండి అంకుల్, ఒక్క నిమిషం” అని, ఆ అమ్మాయి ముందు చెక్కుబుక్కు అందుకుంది. నా ఎదురుగానే మొదటి ఆకునుంచి చివరి ఆకుదాకా ఒక్కొక్కటే తిప్పుతూ, ఎక్కడైనా సంతకం ఉందేమో చూసింది. మిగిలినవి లెక్కపెట్టి, పదిహేడు అని కాగితం మీద రాసి, తేదీ వేసి, నా చేత సంతకం చేయించుకుంది. ఆ తరువాతే తన కాఫీ అందుకుంది.